నా బదులు మునుగుతానన్న మనిషి

ఆసుపత్రి వరండాలో బెంచీ చివర కూర్చుని, లోపల డాక్టరు ఏం చెబుతాడో అని చీర కొంగు నలుపుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇది వాళ్లకోసం. సగం నాకోసం కూడా. రోగం తగ్గాక మనసు కుదుటపడటానికి ఇంకొంత కాలం పడుతుందని నాకు ముందు తెలియదు. రాసుకుంటే తేలికవుతుందని మా అయ్యగారు, అంటే మా సంఘం పాస్టరుగారు అన్నారు. ఆయన చెప్పినవన్నీ నేను వినను గానీ ఇది మాత్రం విన్నాను.

నా పేరు పైడమ్మ. పోర్ట్ బ్లెయిర్ పక్కన డాలీగంజ్‌లో రేకుల ఇంట్లో ఉంటాం. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు, లంగాలు కుడతాను. మా ఆయన నూకరాజు చేపల వేటకు వెళతాడు. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకు మా మామగారు శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పెళ్లయ్యాక వచ్చాను. మామగారు ఇప్పుడు లేరు. ఇంట్లో మా అత్త, మా ఇద్దరం, మా పాప.

నాకు ఒక గుణం ఉంది. ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకోను. పక్కింటివాళ్లు కూర పంపిస్తే ఆ గిన్నె ఖాళీగా వెనక్కి వెళ్లదు. కుట్టగా మిగిలిన గుడ్డముక్క కూడా మడతపెట్టి ఇచ్చేస్తాను. నూకరాజు దీన్ని పొగరు అంటాడు, నేను మర్యాద అంటాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, వచ్చిన రోగం కంటే ఈ గుణమే నన్ను ఎక్కువ ఏడిపించింది.

ఏప్రిల్

అయ్యగారి భార్యకు జాకెట్లు కుట్టబోయి వాళ్లింట్లో ప్రార్థనకు కూర్చోవడం అలవాటైంది. ఏడాది తిరిగేసరికి యేసుప్రభువును నమ్ముకున్నాను. నూకరాజు దానికి పెద్దగా అడ్డు చెప్పలేదు. అతని గొడవంతా నీళ్లలో మునిగి తీసుకునే బాప్తిస్మం గురించే.

"పాటలు పాడుకో, పుస్తకం సదువుకో, నానేటీ అన్ను. ముణగడం మాత్తరం ఒద్దు. ముణిగితే ఇంక నివ్వు మా మనిసివి కావు" అనేవాడు.

నెలల తరబడి పోరాను. అన్నం వడ్డించి మాట్లాడకుండా కూర్చున్నాను. నేను మాట్లాడకపోతే ఇంట్లో ఎవరికీ తోచదు. చివరికి వేటగాడి పెద్దరికం చూపించి మరీ ఒప్పుకున్నాడు. "సర్లే. ఆటూపోటూ సూసి ఏ పూట ముణగాలో నానే సెప్తాను. మీ అయ్యగోరికి సముద్రం సంగతి తెల్దు" అన్నాడు. వానలు పట్టకముందే, ఏప్రిల్ చివరి ఆదివారం అనుకున్నాం.

ఆ నెల మొదట్లోనే కుడిపక్క డొక్కలో పోటు మొదలైంది. మిషను తొక్కి తొక్కి నరం పట్టేసిందనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. తర్వాత ఊపిరి సగం దాకా వచ్చి ఆగిపోవడం మొదలైంది. నీళ్ల బిందె ఎత్తలేక గడపలో కూలబడిపోయిన రోజున నూకరాజు నన్ను బస్సెక్కించి పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు.

అక్కడ వరండాలో ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఎదురుగా గోడకు పచ్చ సున్నం. లోపలికి వెళ్లినవాళ్లు బయటికి వచ్చేటప్పుడు మొహాలు చూసేదాన్ని, ఏం చెప్పి ఉంటారో కనిపెడదామని. ఛాతీకి ఎక్స్‌రే ఫొటో తీశాక బెంగాలీ డాక్టరు దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చూశాడు. "ఛాతీ మే పానీ హై" అన్నాడు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందట. క్షయ అట. సూదితో నీరు తీయాలి, నెలల తరబడి ఇంజెక్షన్లు వేయాలి, చలిగాలి తగలకూడదు, తడవనే కూడదు.

నాకు ఆ చివరి మాట ఒక్కటే చెవిన పడింది. "డాక్టర్ సాబ్, ఏక్ బార్ సముందర్ మే ముణిగితే?" అని అడిగాను, హిందీ సగంలో అయిపోయి.

డాక్టరు నన్ను వదిలేసి నూకరాజును చూశాడు. "దిమాగ్ ఠీక్ హై న ఇస్‌కా?" అని, నా బుర్ర సరిగ్గానే ఉందా అన్నట్టు అడిగాడు. నూకరాజు తల వంచుకుని, "ఠీక్ హై సాబ్. జర క్రిస్టియన్ హోనే వాలీ హై" అన్నాడు, బుర్ర బాగానే ఉంది, కాస్త క్రిస్టియన్ కాబోతోందని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం, అనుకున్న ఆదివారం ఇక లేదని ఏడ్చాను.

మే

ఆడవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. పాపను లోపలికి రానివ్వరు. మా అత్త దాన్ని ఎత్తుకుని బయట వేపచెట్టు పక్కన నిలబడితే నేను కిటికీలోంచి చెయ్యి ఊపేదాన్ని. ఇంట్లో నా కంచం, గ్లాసు వేరుగా పెట్టేశారని నూకరాజు నోరు జారి చెప్పాడు. రోగం అలాంటిదని నాకూ తెలుసు. అయినా ఆ పూట అన్నం సయించలేదు.

అందరూ చూడటానికి వచ్చేవాళ్లు, వచ్చినవాళ్లందరికీ నా రోగానికి కారణం తెలుసు. మా అత్త, "అమ్మోరు తల్లిని ఒదిలీసినావు, తల్లికి కోపమొచ్చింది" అంది. మా సంఘంలో పెద్దావిడ అన్నమ్మక్క నాకోసం బస్సు మారి గంజి తెచ్చేది. పాపం మంచి మనిషే. ఆవిడేమో, "మీ ఆయన ఆలస్యం చేయించాడమ్మా, అందుకే దేవుడు ఇలా చేశాడు. నీళ్లలోకి దిగకుండా ప్రాణం పోతే ఎలాగ?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అమ్మవారి వైపు నుంచి చూసినా, ప్రభువు వైపు నుంచి చూసినా తప్పు నాదేనని తేలింది.

అన్నమ్మక్క మాట నాలో దిగబడిపోయింది. చావంటే అంత భయం లేదు. వేటకు వెళ్లే మనిషిని చేసుకున్నదానికి చావు గురించిన ఆలోచన కొత్తది కాదు. కానీ మునగకుండా పోతే దేవుడు నన్నెరగనంటాడేమో. అటు అమ్మవారిని వదులుకుని, ఇటు ఆయన దగ్గరికి చేరక, మధ్యలో ఎక్కడ ఉండిపోతాను? సూదితో నీరు తీస్తుంటే కూడా నా భయం సూది గురించి కాదు, దీని గురించే.

అయ్యగారు వచ్చినప్పుడు అడిగేశాను. "ఒక తొట్టిలో నీళ్లు పోసి ఇక్కడే ముంచీండి అయ్యగారూ."

"తొట్టి ఎక్కడిదమ్మా ఇక్కడ? పైగా డాక్టరుగారు నన్ను కూడా ఇక్కడే మంచం ఎక్కిస్తారు" అన్నారాయన. ఆయనది గోదావరి వైపు. ఎంత కష్టంలోనైనా ఓ చిన్న చమత్కారం లేకుండా మాట్లాడరు.

"నాను ఇలగే పోతే?"

అప్పుడు ఆయన స్టూలు దగ్గరికి జరుపుకున్నారు. "చూడు పైడమ్మా. మునిగినందుకు ఆయన రక్షించడు. ఆయన రక్షించాడు కాబట్టి మనం మునుగుతాం. నువ్వు నమ్మావు. నీ పాపాల సంగతి ఆయన చూసుకున్నాడు. అది కృప. నువ్వు సంపాదించేది కాదు, ఆయన ఇచ్చేది."

"ఊరికే ఎవులిస్తారయ్యగారూ?"

"ఊరికేననే కదమ్మా ఏడాదిగా చెబుతున్నాను. జాకెట్ల కొలతలు రాసుకుంటూ విన్నావేమో."

నవ్వాను గానీ లోపలికి దిగలేదు. కృప అనే మాటతో ఎన్ని పాటలు పాడానో. పాటలో బాగానే ఉంటుంది. మంచం మీద పడుకుని, చేతిలో ఏమీ లేకుండా, ఊరికే నాకు ఇయ్యి అని దేవుణ్ని అడగడానికి మాత్రం మొహం చెల్లలేదు. కనీసం మునిగి ఉంటే, ఇదిగో చెప్పిన పని చేశానని చూపించుకునేదాన్ని.

పక్క మంచంలో ఒక బెంగాలీ ముసలావిడ ఉండేది. దేశం రెండయ్యాక ఇక్కడ భూమి ఇస్తే వచ్చి స్థిరపడ్డ కుటుంబం. అందరూ మాసీ, అంటే పిన్ని, అనేవాళ్లు. నేను చెయ్యెత్తలేకపోతే తనే లేచి వచ్చి నా జుట్టు దువ్వి జడ వేసేది. వాళ్లబ్బాయి కమలాపండు తెస్తే సగం నా మంచం మీద పెట్టేది. నేను వద్దంటే, "చుప్‌చాప్ ఖా" అనేది, నోరు మూసుకుని తినమన్నట్టు. ఇంటి నుంచి ఏమన్నా వస్తే సగం ఆమెకు పెట్టాలని చూసేదాన్ని. చేపలంటే ప్రాణమిచ్చే బెంగాలీ అయినా ఆవిడకు చేపలు కూడా సయించేవి కావు అప్పటికి.

జూన్

వానలు పట్టేశాయి. పడవలు కట్టేసి ఉండటంతో నూకరాజు రోజూ వచ్చేవాడు. ఒకరోజు వస్తూనే, "అమ్మ నీ పేరు సెప్పి తడిబట్టల మొక్కు తీర్చింది" అన్నాడు.

మా వాళ్లలో ఈ పద్ధతి ఉంది. మంచం పట్టిన మనిషి తానే మొక్కు తీర్చలేదు కదా. అందుకని ఇంట్లోవాళ్లు ఒకరు ఆ మనిషి పేరు చెప్పుకుని తలారా మునిగి, ఆ తడిబట్టలతోనే అమ్మవారి చుట్టూ తిరుగుతారు. తిరిగింది ఒకరైనా అది చెల్లేది మంచం మీద ఉన్నవాళ్లకే. నూకరాజు చిన్నప్పుడు అమ్మవారు పోసి పడుకుంటే మా అత్త అలాగే తిరిగిందట.

నాకు ఒళ్లు మండింది. "నన్నడక్కండా నా పేరెందుకు సెప్పింది? నాను ప్రార్థన మనిసిని" అన్నాను.

నూకరాజు నా మీద ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. ఆ రోజు మాట్లాడాడు. "నిన్నెవులడుగుతారు? ముసిల్ది వాన్లో తిరిగింది, కాళ్లు బొబ్బలెక్కినాయి. నీకొద్దనుకుంటే ఒదిలీ. తిట్టకు." అని లేచి వెళ్లిపోయాడు. వార్డంతా విన్నది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఆ వారంలోనే మళ్లీ నీరు చేరింది. కూర్చుంటే తప్ప ఊపిరి ఆడేది కాదు. డాక్టరు నూకరాజును పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. తిరిగి వచ్చినప్పుడు అతని మొహం చూసి నాకు అర్థమైంది. ఇక దాచడం ఎందుకని చెప్పేశాను.

"పాప గురించి నాకు బెంగ లేదు మావా, నివ్వూ అత్తా ఉన్నారు. నా బెంగంతా ముణక్కుండా ఎల్లిపోతానని."

"అదా నీ బెంగ?" అన్నాడు. అప్పటిదాకా నేను పాప కోసం ఏడుస్తున్నానని అనుకున్నాడట. దుప్పటి సర్ది వెళ్లాడు.

మర్నాడు చూడటానికి వదిలే వేళకు అయ్యగారు గొడుగుతో వచ్చారు. వెనకే నూకరాజు. తల నుంచి కాలి దాకా తడిసి ముద్దై ఉన్నాడు. నర్సు దీదీ చూస్తూనే, "అరే భయ్యా, పూరా ఫర్ష్ గీలా కర్ దియా" అని నేలంతా తడిపినందుకు కేకలేసి, తర్వాత తనే ఒక పాత దుప్పటి తెచ్చి అతని భుజాల మీద వేసింది. అతను నా మంచం కాళ్ల దగ్గర నిలబడి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఏటైంది?" అన్నాను.

అయ్యగారు స్టూలు మీద కూర్చున్నారు. ఎప్పుడూ లేనిది, మాట మొదలుపెట్టడానికి తడుముకున్నారు. "ఇందాక మీ ఆయన మా ఇంటికి వచ్చాడమ్మా. వాకిట్లో నిలబడ్డాడు. వానలో తడిశాడనుకున్నాను. కాదట. సముద్రంలో మునిగి, జెట్టీ నుంచి అలాగే నడిచి వచ్చాడట. నువ్వే చెప్పు నూకరాజూ."

నూకరాజు మా ఇద్దర్నీ చూడకుండానే చెప్పాడు. "నివ్వు నీళ్లల్లోకి దిగలేవు గదా. నీ బదులు నన్ను ముంచీమని అడిగినాను. అయ్యగోరు ముంచితే అది నీకు సెల్లుతాది గదా అని. సుద్ధిగా ఉండాలని ముందొకపాలి నానే ముణిగొచ్చినాను."

మునిగితే ఇంక మా మనిషివి కావన్నవాడు ఈ మాట అన్నాడు.

"మరి అయ్యగోరేటన్నారు?" అన్నాను.

"కుదర్దన్నారు." గొంతులో నిష్ఠూరం వినిపించింది. "ఆ పని ఒకాయన ఎప్పుడో సేసీనాడంట. నీ బదులు. ఆయన సేసింది నీకు సెల్లిపోయిందంట, మళ్లీ ఎవులూ సేయక్కర్లేదంట." దుప్పటి దగ్గరికి లాక్కున్నాడు. "యేసుబాబంట. ఆ సంగతి నీకు తెలుసా?"

ఏడాదిగా ప్రార్థనకు వెళుతున్నదాన్ని, ప్రార్థన ఇంటి గడప తొక్కని మనిషి నన్ను అడుగుతున్నాడు. తెలుసని చెప్పబోయాను. తెలియదు. పాటలో తెలుసు, అయ్యగారి ప్రసంగంలో తెలుసు. నా బదులు, నేను అడక్కుండా, నా చేతిలో ఏముందో చూడకుండా ఒక మనిషి నీళ్లలోకి దిగితే ఎలా ఉంటుందో మాత్రం అప్పుడే తెలిసింది. నూకరాజును చూస్తూ ఉన్నాను. దుప్పటి కింద వణుకుతున్నాడు. ఇతనికి నేను తిరిగి ఏమివ్వగలను? ఇతను ఏమన్నా అడిగాడా? ఇతనే ఇంత చేయగలిగితే, నన్ను చేసిన దేవుడు, నేను మునగలేదని నన్ను బయట నిలబెడతాడా?

ఏడుపొచ్చింది. ఊపిరాడక ఏడవడం కూడా సరిగా కుదరలేదు. నూకరాజు కంగారుపడి, "ఏటే, తప్పు సేసినానా?" అన్నాడు. కాదని తల ఊపాను. అయ్యగారు ప్రార్థన చేస్తానని కళ్లు మూసుకున్నారు. "చాలు ప్రభువా" అని మాత్రం అని లేచారు.

అప్పటికి నా రోగం ఏమీ తగ్గలేదు. ఆ విషయం స్పష్టంగా చెప్పాలి. మర్నాడు మళ్లీ సూది గుచ్చి నీరు తీశారు, మళ్లీ నొప్పి పుట్టింది. కానీ సూదికి భయపడాల్సినంతే భయపడ్డాను. అది ఎంత హాయో పడ్డవాళ్లకే తెలుస్తుంది. పోతే పోతాను, బతికితే బతుకుతాను, రెండింటిలో ఏదైనా ఆయన చేతిలోనే ఉంటాను అనిపించింది. చాలాకాలం తర్వాత ఆ పూట గంజి మొత్తం తాగాను.

ఆగస్టు

మందు పట్టడం మొదలుపెట్టింది. జ్వరం రావడం మానేసింది. వరండా చివరి దాకా నడిచి రాగలిగాను.

మాసీ మాత్రం లేవలేదు. ఒక ఉదయం ఆవిడ మంచం చుట్టూ తెర కట్టారు. పోయే ముందు రోజు కూడా, వేళ్లలో బలం లేకపోయినా, నా జడ ముడి విప్పడానికి చూసింది. ఆవిడ కృష్ణుణ్ని తలుచుకుంటూ పూసలు తిప్పేది. నాకంటే ఓపిక గలది, నాకంటే మెత్తనిది. నేను బతికాను, ఆవిడ పోయింది. ఇందులో నా మంచితనం ఏముందో ఎంత వెతికినా దొరకలేదు. ఆవిడకు నేను తిరిగి ఇచ్చింది కూడా ఏమీ లేదు. ఇప్పుడు దాన్ని తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి గానీ, మునుపటిలా బాకీ ఉన్నట్టు గుచ్చుకోదు. ప్రేమతో పెట్టింది, తిన్నాను.

ఇంటికి వచ్చిన రోజున మా అత్త వేణ్ణీళ్లు కాచి నా కాళ్లు కడగడానికి కూర్చుంది. పాత పైడమ్మ అయితే గిన్నె లాక్కునేది. నేను కుర్చీలో అలాగే కూర్చున్నాను.

"నీ కాళ్ల బొబ్బలు తగ్గినాయా అత్తా?" అన్నాను.

"ఎప్పుడో తగ్గినాయి" అంది. తలెత్తకుండా, మా పాపను తలుచుకుని, "ఏ దేవుడు సేసినా ఒకటే, గుంటకి తల్లి దక్కింది" అంది. ఆ మాట మీద వాదం పెట్టుకోలేదు. వాన్లో తిరిగింది ఆవిడ. నాకోసమే తిరిగింది.

ఆ తర్వాత ఒక ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. అన్నమ్మక్క ముందు వరసలో చాప మీద కూర్చుంది, నేనేదో గొప్ప మొక్కు సంగతి చెబుతానని. నేను చెప్పింది చిన్నదే. మునగలేదని భయపడ్డాను, ఆ భయం అక్కర్లేదని మా ఆయన వల్ల తెలిసింది, అని చెప్పి కూర్చున్నాను. అన్నమ్మక్క బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "ఆ రోజు నేనన్న మాట మనసులో పెట్టుకోకమ్మా" అంది. "నివ్వు తెచ్చిన గంజి గుర్తుంది అక్కా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇప్పుడు

మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను. నూకరాజు అమ్మవారి పండగకూ వెళతాడు, ఈ మధ్య ప్రార్థన రోజున మా ప్రార్థన ఇంటి గుమ్మం బయట మెట్ల మీద కూర్చుని వింటాడు కూడా. లోపలికి రమ్మని నేను పిలవలేదు. పోరి ఒప్పించే అలవాటు కాస్త తగ్గింది నాకు. వచ్చే దారి అతనే చూసుకుంటాడు.

బాప్తిస్మం ఇంకా తీసుకోలేదు. పోయిన వారం ఆసుపత్రికి వెళ్లినప్పుడు, వరండాలో నా పక్కన ఒక చిన్నది కూర్చుంది. పోర్ట్ బ్లెయిర్‌లోనే లంబాలైన్‌లో ఉంటుందట. మన తెలుగు పిల్లే. సంఘానికి వెళుతుందట. మెడ దగ్గర గడ్డ లేచింది, లోపల ఏం చెబుతారో అని వణికిపోతోంది. నా రోగం సంగతి, తగ్గిన సంగతి చెప్పాను.

"ఏటి మొక్కుకున్నావక్కా?" అని అడిగింది.

"ఏటీ మొక్కుకోలేదమ్మా."

"మరి దేవుడికేటిచ్చినావు?"

"ఏటీ లేదు. నా దగ్గరేటుంది ఇయ్యడానికి?"

నమ్మలేదని మొహంలోనే తెలిసింది. నేనైనా నమ్మేదాన్ని కాదు. కాసేపయ్యాక, "బాప్తిస్మం అయిందా అక్కా?" అంది.

"డాక్టరు ఇంకా నీళ్లల్లోకి దిగొద్దన్నాడు. ఒప్పుకున్నాక తీసుకుంటాను. తీసుకోవాలని ఆశగా ఉంది."

"ఈలోగా ఏటన్నా అయిపోతే? బయం లేదా?"

"లేదు" అన్నాను.

అనేశాక ఒకసారి లోపల చూసుకున్నాను, ఆ పిల్ల ధైర్యం కోసం అబద్ధమేమన్నా చెప్పానేమోనని. నిజంగానే లేదు. లోపలి నుంచి దాని పేరు పిలిచారు. అది లేవలేకపోతుంటే చెయ్యి పట్టుకుని దానితో పాటు లోపలికి వెళ్లాను.